గుర్రుమనే లైను

వైర్లక్కకి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. మామూలుగా ఆవిడ వంటింట్లో మాట్లాడితే మెట్ల మీద వెళ్ళేవాళ్ళందరికీ వినపడుతుంది. అలాంటి మనిషి పక్కన కూర్చున్నవాళ్ళు కూడా చెవి ఒగ్గితే గానీ వినపడనంత మెల్లగా మాట్లాడుతోందంటే, ఎవరికో మూడిందని అర్థం. నేను ఎదురింట్లో చేరిన కొత్తలో నాకీ సంగతి తెలీదు. ఆవిడ మెత్తటి మనిషనుకున్నాను.

నేను బళ్ళో లెక్కలు చెప్తాను. మా మేడలో మొదటి అంతస్తులో ఒకవైపు నేను, ఇంకోవైపు వైర్లక్క, ఆవిడ మొగుడు. మా కింద వాటాలో వైర్లక్క సొంత అక్క, బావ ఉండేవాళ్ళు. పైన ఇంకొన్ని కాపురాలు. వైర్లక్క అనేది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. కొంగులో ఎప్పుడూ ఒక చిన్న స్క్రూడ్రైవరు, చేతిలో ఏదో ఒక తీగ ముక్కా ఉండేవి కాబట్టి మేడలో పిల్లలు పెట్టిన పేరు. పెద్దవాళ్ళకీ అదే అలవాటైపోయింది. చివరికి ఆవిడ మొగుడు కూడా అలాగే పిలిచేవాడు. ఆయన సిటీ బస్సులో కండక్టరు. నిదానస్తుడు. పొద్దుటినించీ జనాన్ని ముందుకి జరగమని చెప్పీ చెప్పీ, ఇంటికొచ్చాక ఎవరినీ ఏమీ అనేవాడు కాదు.

వాళ్ళ నాన్న రేడియోలు బాగుచేసేవాడట. అక్క వంటింట్లో అమ్మ పక్కన కూర్చుంటే, ఈవిడ నాన్న బల్ల పక్కన కూర్చునేది. పెళ్ళయిన కొత్తలో అత్తగారి రేడియో విప్పి ముక్కలు ముక్కలుగా మంచం మీద పరిచేసరికి, ఆ పెద్దావిడ గుండె పట్టుకుని కూలబడిందట. సాయంత్రానికి ఆ రేడియో ముందుకంటే బాగా పాడిందని కండక్టరు ఇప్పటికీ చెప్పుకుంటాడు.

బావ బజారులో కంప్యూటర్ల కొట్టు పెట్టినప్పుడు ఈ మరదల్ని తోడు రమ్మన్నాడు. బావకి నోరుంది. ఎంతటివాడినైనా కూర్చోబెట్టి కబుర్లతో కడుపు నింపి పంపగలడు. తీగ ఎక్కడినించి ఎక్కడికి వెళ్ళాలో మాత్రం తెలీదు. కొట్టులో సర్వరు పెట్టింది, దాన్ని టెలిఫోను లైనుకి కలిపింది, బల్లల కింద దూరి కంప్యూటర్లన్నిటికీ తీగలు లాగింది వైర్లక్కే. తీగలు ఎలా మెలిపెట్టి అతకాలో బావకి చేయి పట్టుకుని నేర్పింది. అతనిది ఎడమచేతి వాటం. ఎన్నిసార్లు చెప్పినా మెలిక ఎదురు తిప్పేవాడు. పోనీలే, అతుక్కుంటే చాలని ఊరుకునేది.

ఆ రోజుల్లో నెట్ అంటే టెలిఫోను లైను మీదే. మోడెం అనే చిన్న పెట్టె నంబరు తిప్పి, కాసేపు కీచుమని అరిచి, అవతలి పెట్టెతో మాట కలిపేది. మాట కలిసినంతసేపు ఆ లైన్లో ఇంకెవరూ ఫోను ఎత్తకూడదు. ఎత్తారా, తెగిపోయేది. కొట్టులో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు.

ఒకరోజు ఒక కంపెనీ మేనేజరు కొట్టు చూడటానికొచ్చాడు. వాళ్ళ పాత కాయితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి రోజూ సాయంత్రం లైను మీద పంపే పని. ఆ పని దొరికితే కొట్టు నిలబడిపోతుంది. నమూనాకి కొన్ని పేజీలు ఆయన కళ్ళముందే పంపాలి. వైర్లక్క అంతా సిద్ధం చేసి పంపడం మొదలుపెట్టింది. సగం వెళ్ళింది. ఇంతలో బావ, వచ్చినాయనకి కూల్‌డ్రింకు తెప్పిద్దామని తన గదిలో ఫోను ఎత్తాడు. లైను తెగింది. పంపిన పేజీలన్నీ పోయాయి.

మేనేజరు ఏమైందని అడిగాడు. బావ ఏమాత్రం తడుముకోలేదు.

"మా మరదలండి. చదువు లేదు, ఇంట్లో ఊరికే కూర్చోలేక వచ్చి వైర్లు కెలుకుతూ ఉంటుంది. రేపట్నించి రానివ్వను లెండి."

ఆ మాట అన్నప్పుడు ఆవిడ పక్కనే, చేతిలో పట్టకారుతో నిలబడి ఉంది. కొట్టులో పనిచేసేవాళ్ళంతా ఉన్నారు. మేనేజరు మర్యాదకి నవ్వాడు. ఆ నవ్వు చూసి మిగతావాళ్ళూ నవ్వారు. ఆయన వెళ్ళిపోయాక బావ ఆవిడ భుజం తట్టి, వ్యాపారంలో ఎవరో ఒకరి మీద తోసెయ్యాలి, బయటివాళ్ళయితే గొడవపడతారు, సొంతవాళ్ళయితే సర్దుకుంటారు అన్నాడట. అక్కడితో ఆగినా సర్దుకునేదేమో. కంపెనీ పని దొరికింది. మేనేజరుకి మాటిచ్చాను కాబట్టి నువ్వు కొన్నాళ్ళు రాకు అన్నాడు. ఆ కొన్నాళ్ళు అయ్యేలోపే కొట్టుకి కొత్త తాళం వచ్చింది.

అక్కకి చెప్పుకుంది. ఆయన నోటికి ఏదొస్తే అది అనేస్తారు, మనసులో ఏమీ ఉండదు, పట్టించుకోకు అని అక్క అన్నం పెట్టి పంపింది. అక్క అంటే వైర్లక్కకి చిన్నప్పట్నించీ దేవతతో సమానం. జ్వరం వస్తే అమ్మ దగ్గరికి కాదు, అక్క పక్కలోకి దూరేదట. ఆ అన్నం తినేసి పైకి వచ్చింది. ఏడవలేదు. కండక్టరుతో మాత్రం చాలా మెల్లగా ఏదో చెప్పింది. ఆయన నాతో అన్నాడు: "మా తోడల్లుడు ఆమెని నడుస్తున్న బస్సులోంచి దించేశాడు టీచరుగారూ. ఆమె ఇంక ఇంకో బస్సు ఎక్కదు. సొంతంగా ఒకటి తయారుచేస్తుంది."

అలాగే అయింది. ఎవరో పారేసిన కంప్యూటరొకటి తెచ్చి, బట్టల బీరువా పక్కన స్టూలు మీద పెట్టింది. దానికో మోడెం తగిలించింది. అక్కడినించి కిటికీల్లోంచి, పిట్టగోడ మీదుగా మా ఇంటికీ పై ఇళ్ళకీ తీగలు లాగింది. ఒక్క లైను మీదే అందరం నెట్ వాడుకోవచ్చు. పొద్దునా సాయంత్రమూ ఆ సర్వరే నంబరు తిప్పి మా అందరి ఉత్తరాలూ తెచ్చి పెట్టేది. ఒకరు చూసిన పేజీ దాచిపెట్టి ఇంకొకరికి గబుక్కున చూపించేది. పై అంతస్తు వాళ్ళు నెట్ కోసం బజారులో బావ కొట్టుకి వెళ్ళడం మానేశారు. మెట్ల మీద కనబడితే బావ పలకరించేవాడు, ఆవిడా పలికేది. కిందింటి నించి పైకి కూర గిన్నెలొచ్చేవి, పైనించి ఖాళీ గిన్నెలు వెళ్ళేవి. పైపైన చూస్తే అంతా బాగానే ఉంది.

కొన్ని నెలలు అలా సాఫీగా నడిచాక మా నెట్ మందగించింది. మొదట్లో ఉత్తరాలు రావడం ఆలస్యమైంది. తర్వాత పేజీ అడిగి, వెళ్ళి కూరలు తరిగి వచ్చినా సగమే కనపడేది. ఆ తర్వాత లైను మాటిమాటికీ తెగిపోవడం మొదలైంది. పైవాళ్ళు కిటికీలోంచి వంగి అడగడం మొదలుపెట్టారు. వైర్లక్కకి నిద్ర పట్టేది కాదు. నెట్ లేదని కాదు. చదువులేనిది కెలికి పాడుచేసిందన్న మాట నిజమైపోతోందని.

ముందుగా మా మీద అనుమానపడింది. మాలో ఎవరి కంప్యూటరుకైనా వైరస్ పురుగు పట్టి తనంతట తను ఉత్తరాలు పంపుతోందేమోనని, ఒక్కొక్క ఇంటి తీగా విడదీసి చూసింది. అందరినీ విడదీసి తనొక్కతే ఉన్నా అంతే నెమ్మది. గోడకున్న టెలిఫోను సాకెట్టు మార్చింది. ఇంట్లో లైనంతా తీసి కొత్తది వేసింది. కండక్టరు తోటి డ్రైవరింట్లో ఉన్న మోడెం అరువు తెచ్చి పెట్టింది. అదీ అలాగే కుంటింది. నెట్ ఇచ్చే ఆఫీసుకి ఫోను చేస్తే, తప్పు మావైపు లేదు, మీ ఇంట్లో చూసుకోండి అన్నారు. చివరికి, వేగంగా పరుగెత్తి పడిపోయేకంటే మెల్లగా నడిస్తే నయమని మోడెంకి చెప్పి చూసింది. తెగిపోవడం కొంచెం తగ్గింది గానీ మిగతా జబ్బు పోలేదు.

అప్పుడు మోడెం పక్కన పెట్టి, ఫోను చెవికి ఆనించుకుని కూర్చుంది. ఊరికే లైను వింటూ. ఆవిడ అలా గంటలు గంటలు కూర్చోవడం చూసి కండక్టరు, పుట్టింటివాళ్ళతో కూడా ఇంతసేపు మాట్లాడలేదు కదా అన్నాడు. లైన్లో సన్నటి గుర్రు వినిపిస్తోందని చెప్పింది ఆవిడ. నేనూ చెవి పెట్టి విన్నాను. పిల్లి నిద్రలో గురక పెట్టినట్టుంది. కాసేపు ఉంటుంది, ఠక్కున ఆగిపోతుంది, మళ్ళీ మొదలవుతుంది. గుర్రు ఉన్నంతసేపూ మోడెం తడబడుతుంది. ఆగితే తేరుకుంటుంది. నీళ్ళ మోటారనుకున్నాం, కాదు. పైవాళ్ళ ఫాను అనుకున్నాం, అదీ కాదు.

ఒక ఆదివారం పొద్దున కిందింటి గిన్నె ఇచ్చి రావడానికి వెళ్ళిన మనిషి, మెట్లెక్కి నేరుగా మా ఇంట్లోకి వచ్చింది. తను ఇంకోసారి కిందికి వెళ్తానని, నేను పైన తమ ఇంట్లో ఫోను చెవికి పెట్టుకుని కూర్చుని, గుర్రు మొదలైతే ఒకసారి, ఆగితే రెండుసార్లు నేలమీద కాలితో తన్నాలని చెప్పింది. ఎందుకని అడిగితే చెప్పలేదు. చాలా మెల్లగా మాట్లాడింది.

కూర్చున్నాను. గుర్రు వచ్చింది, తన్నాను. ఆగింది, రెండుసార్లు తన్నాను. గిన్నె ఇచ్చినప్పుడు అక్క ఫ్రిజ్ గుర్రు అచ్చం లైన్లో గుర్రులాగే ఆగి ఆగి వినపడిందట. కింద ఆవిడేమో పెరుగు అడిగే వంక మీద వెళ్ళి, కబుర్లు చెప్తూ అక్క ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టుకుని నిలబడిందట. తలుపు తెరిస్తే చల్లదనం పోయి మోటారు ఆన్ అవుతుంది. అది గిలగిల్లాడుతూ మొదలైనప్పుడల్లా పైన నా కాలు పడింది. ఆగినప్పుడల్లా రెండుసార్లు పడింది. పైన ఏంటే ఆ చప్పుడు అని అక్క అడిగితే, టీచరు ఒళ్ళు తగ్గాలని గెంతుతోంది అని చెప్పిందట. ఆ తర్వాత చాన్నాళ్ళు కిందావిడ నన్ను చూసినప్పుడల్లా, కొంచెం తగ్గారండీ అనేది.

అక్క స్నానానికి వెళ్ళినప్పుడు వైర్లక్క ఫ్రిజ్ వెనక్కి తొంగిచూసింది. సన్నటి తీగ ఒకటి మోటారు పక్కన చుట్టలు చుట్టుకుని, అక్కడినించి కిటికీ కమ్మీ కిందుగా బయటికి, మెట్ల కిందికి వెళ్ళింది. మెట్ల కింద మేడ మొత్తానికి టెలిఫోను పెట్టె ఉంది. ఒక్కో ఇంటికీ అందులో తీగలు బిగించే ఒక జత మేకులు. వైర్లక్క పెట్టె మూత తీసి నన్ను చూడమంది. ఆవిడ మేకుల్లో ఒకదానికి, అసలు తీగతో పాటు ఆ సన్నటి తీగ కూడా అతికి ఉంది. ఆ తీగ మోటారు గోల అంతా పీల్చి ఆవిడ లైన్లో పోస్తోందన్నమాట.

"మెలిక చూశారా," అంది. "ఎదురు తిప్పాడు."

ఎడమచేతి మెలిక. ఆవిడ నేర్పిన అతుకే.

నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడే వెళ్ళి నలుగురిలో కడిగేద్దాం అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"అడిగితే తీసేస్తాడు టీచరూ. తీసేస్తే నాకేం మిగిలింది?"

మూత మూసేసి పైకి వచ్చింది. ఆ రోజంతా మామూలుగానే ఉంది. వంట చేసింది, బట్టలు ఆరేసింది. మర్నాడు బావ కొట్టుకీ అక్క బజారుకీ వెళ్ళాక స్క్రూడ్రైవరు తీసుకుని కిందికి దిగింది. బావ తీగని ముట్టుకోలేదు. అది పెట్టిన చోటే ఉంచింది. తమ లైన్ని మాత్రం ఆ మేకుల మీదనించి విప్పి బావ మేకుల మీదికి, బావ లైన్ని తెచ్చి ఆ సన్నటి తీగ ఉన్న మేకుల మీదికి మార్చింది. ఊళ్ళోంచి వచ్చేదీ ఇంట్లోకి వెళ్ళేదీ రెండూ కలిపి మార్చింది కాబట్టి ఎవరి నంబరు వాళ్ళకే ఉంది. మారింది గుర్రు ఒక్కటే. బావ తన ఫ్రిజ్ గోలని ఇప్పుడు తన లైన్లోకే పోసుకుంటున్నాడు.

మా నెట్ ఆ సాయంత్రానికే పరుగందుకుంది.

కంపెనీ పనికి కొట్టులో జనం గోల అడ్డమని, బావ అంతకుముందే సర్వర్ని ఇంటికి తెచ్చి పెట్టుకున్నాడు. రోజూ సాయంత్రం ముందుగదిలోంచే పేజీలు పంపేవాడు. ఆ సాయంత్రాలు వైర్లక్కకి పండగలయ్యాయి. బాల్కనీలో కుర్చీ వేసుకుని టీ తాగుతూ కూర్చునేది. కింద మోడెం కీచుమనేది, మాట కలిపేది, కాసేపట్లో తెగేది. మళ్ళీ కీచు. బావ విసుక్కోవడం, కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడు, మళ్ళీ కీచు. నాకూ కబురు చేసేది, రండి టీచరూ, మొదలైంది అని. వెళ్ళి కూర్చునేదాన్ని. అబద్ధమెందుకు, నాకూ బాగానే ఉండేది.

ఆవిడ చేసిన ప్రతి పనీ బావ వరసగా చేశాడు. సాకెట్టు మార్చాడు. మోడెం కొత్తది కొన్నాడు. కంప్యూటరు తుడిచి మళ్ళీ మొదటినించి అన్నీ ఎక్కించాడు. తెలిసినవాణ్ణెవరినో తీసుకొచ్చాడు, అతను రెండుపూటలు తిని, ఏమీ తేలక వెళ్ళిపోయాడు. ఒకరోజు మెట్ల కింద పెట్టె తెరవడం మేం పైనించి చూశాం. బావ లోపలికి తొంగిచూశాడు. తన తీగ తను పెట్టిన చోటే, తన మెలికతో సహా భద్రంగా ఉంది. తృప్తిగా మూత వేసి వెళ్ళాడు. వైర్లక్క టీ కప్పు కింద పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆవిడ అంతగా నవ్వడం నేను మళ్ళీ చూడలేదు.

ఇంకోరోజు లైన్‌మన్ వచ్చాడు. పెట్టె తెరిచి చూస్తానన్నాడు. బావ అతని చేయి పట్టుకుని, పెట్టె బాగానే ఉంది, అది ముట్టుకోవద్దు, తప్పు ఇంకెక్కడో ఉంది అని బతిమాలాడు. తెరిస్తే తన తీగ బయటపడుతుంది మరి. లైన్‌మన్‌కి ఏమీ అర్థంకాలేదు. రోగిని చూపించి నాడి పట్టుకోవద్దంటే ఎలా సార్ అని సణుక్కుంటూ సైకిలెక్కాడు.

పేజీలు సగం సగం వెళ్తున్నాయని కంపెనీ వాళ్ళు విసుక్కోవడం మొదలుపెట్టారు. బావ ముఖం పీక్కుపోయింది. ఇంట్లో చిరాకు పెరిగింది. అక్క మీద అరిచిన అరుపులు మాకు వినపడేవి. కండక్టరు ఒకరోజు భోజనం దగ్గర, ఇంక చాలేమో అన్నాడు. వైర్లక్క మజ్జిగ కలుపుకుంటూ, ఇంకా స్టాపు రాలేదు అంది. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

స్టాపు వచ్చింది. ఒక మధ్యాహ్నం అక్క పైకి వచ్చింది. బడికి సెలవు కాబట్టి నేనూ అక్కడే ఉన్నాను. లేచి వెళ్ళబోతే వైర్లక్క చేత్తోనే కూర్చోమంది. అక్క గోడకి ఆనుకుని నిలబడి, కంపెనీ వాళ్ళు ఆఖరిసారి చెప్పారని, మీ బావ అన్నం కూడా తినడం లేదని, పాత సంగతులు మనసులో పెట్టుకోకుండా ఒక్కసారి వచ్చి లైను చూడమని అడిగింది. నీ చేయి పడితే బాగుపడుతుందే, నాకు తెలుసు అంది.

వైర్లక్క మెత్తబడినట్టే కనిపించింది నాకు. అక్క చేయి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టింది. బావ తనకి ఏం చేశాడో పాపం అక్కకి తెలీదనుకుంది. తెలిస్తే తట్టుకోలేదేమోనని, జాగ్రత్తగా, మీ ఫ్రిజ్ వెనక ఒక తీగ ఉంది, చూశావా అని అడిగింది.

అక్క ముఖంలో రంగు పోయింది. దాచడం చేతకాని మనిషి.

"నీకు తెలిసిపోయిందా," అంది. "మెట్ల కింద చీకటిగా ఉంటుందని టార్చి పట్టుకోమన్నారే. పట్టుకున్నాను."

వైర్లక్క అక్క చేయి వదిలేసింది. విసిరికొట్టలేదు, ఊరికే వదిలేసింది. ఆ గదిలో నేను ఉన్నందుకు నాకే ఏదోలా అనిపించింది. అక్క ఏడుస్తూ, ఆయన మాట కాదనలేకపోయానని, రెండురోజులుంచి తీసేస్తానన్నారని, రోజూ ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా నువ్వే గుర్తొచ్చేదానివని చెప్పింది. వైర్లక్క వింటోందో లేదో తెలీలేదు. ఏడుపు ఆగాక ఒకే మాట అంది. అది వినడానికి నేను ముందుకి వంగాల్సి వచ్చింది.

"బావని ఉండమను. సాయంత్రం వస్తాను."

సాయంత్రం పట్టకారు తీసుకుని దిగింది. నన్నూ కండక్టరునీ రమ్మంది. బావ మర్యాదగా కుర్చీ వేశాడు. ఆవిడ కూర్చోలేదు. ముందు ఆ మేనేజరుకి ఫోను చెయ్యమంది. ఆ రోజు కొట్టులో లైను తెగింది తను ఫోను ఎత్తడం వల్లనేనని, మరదలి తప్పు లేదని చెప్పమంది. చెప్పాకే లైను సంగతి చూస్తానంది. బావ నవ్వుదామని చూశాడు. అదెప్పటి సంగతి, ఇప్పుడెందుకు అన్నాడు. ఆవిడ గుమ్మం వైపు తిరిగింది. బావ గబగబా ఫోను దగ్గరికి వెళ్ళాడు.

అతను నంబరు తిప్పుతుంటే ఆవిడ అక్క వైపు చూసింది.

"అక్కా, నువ్వెళ్ళి ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టుకో. పట్టుకోవడం నీకు అలవాటే కదా."

అక్క మారుమాట్లాడకుండా వెళ్ళి తలుపు తెరిచి పట్టుకుని నిలబడింది. కాసేపటికి మోటారు గిలగిల్లాడుతూ మొదలైంది. సరిగ్గా అప్పుడే అవతల మేనేజరు పలికాడు. బావ గొంతు తగ్గించి, మర్యాదగా, ఆ రోజు లైను తెగడం నావల్లేనండి అన్నాడు. గుర్రులో అవతలాయనకి వినపడలేదు. మళ్ళీ చెప్పమన్నాడు. బావ కొంచెం గట్టిగా చెప్పాడు. అదీ వినపడలేదు. అక్క తలుపు పట్టుకునే ఉంది. చల్లగాలి ఆవిడ కాళ్ళ మీదికి వస్తోంది. బావ మెడ నరాలు ఉబ్బేలా అరిచాడు.

"తప్పు నాదండీ. ఫోను ఎత్తింది నేను. మా మరదలు కాదు. అబద్ధం చెప్పాను."

పై అంతస్తుల్లో తలుపులు తెరుచుకున్న చప్పుడైంది. ఎవరో పిట్టగోడ మీదికి వంగి, ఏమైందని అడిగారు. కండక్టరు ఎప్పుడో తల దించేసుకున్నాడు. వైర్లక్క మాత్రం బావ ముఖాన్నే, అందులో ఒక్క గీత కూడా వదలకుండా చూసింది.

ఫోను పెట్టేశాక ఫ్రిజ్ ముందుకి లాగింది. వెనకున్న తీగ పట్టకారుతో కత్తిరించి, చేతికి చుట్టి, చుట్ట బావ చేతిలో పెట్టింది.

"నీదే," అంది. "ఇంక లైను బాగుంటుంది."

అంతవరకూ ఎంత కోపంలోనూ అతన్ని మీరు అనే అనేది.

బావ చుట్టని చూశాడు, ఫోన్ని చూశాడు, మెట్ల వైపు చూశాడు. నిజానికి తెలివితక్కువవాడేం కాదు. అతనికి అర్థమవడం నేను చూశాను. తను ఆ పెట్టె తెరిచి చూసి తృప్తిగా మూసిన రోజు గుర్తొచ్చిందనుకుంటాను. మేం పైకి వచ్చేశాం. ఆ రోజు వైర్లక్క ఆకలేస్తోందని రెండోసారి వడ్డించుకుని తింది.

కంపెనీ పని బావకి నిలవలేదు. ఎవరు కెలికారన్నది మాకెందుకు, పేజీలు రావడం లేదు కదా అని ఇంకెవరికో ఇచ్చేశారు. వైర్లక్కకీ ఇవ్వలేదు. ఆవిడ అడగనూ లేదు. ఆశ్చర్యం ఏంటంటే, ఆ తర్వాత బావతో మాటలు మామూలుగా సాగాయి. అతనే మెట్ల మీద ఆపి, ఫలానా మోడెం మంచిదా, ఫలానా తీగ ఎంత దూరం లాగొచ్చు అని అడిగేవాడు. ఇదివరకు లేని భయం, గౌరవం రెండూ కలిపి ఉండేవి ఆ అడగడంలో. ఆవిడ నిలబడి చెప్పేది. పాత కక్ష కళ్ళల్లో వెతికాను, కనపడలేదు. తీరిపోయింది.

కింది నించి వచ్చే గిన్నెలు మాత్రం తీసుకోవడం మానేసింది. అక్క పంపిన గిన్నె మెట్టు మీద అలాగే ఉండేది. సాయంత్రానికి అక్కే వచ్చి తీసుకుపోయేది. కొన్నాళ్ళకి పంపడం మానేసింది. నేనొకసారి ఉండబట్టలేక అడిగాను, చేసినవాడితో మాట్లాడుతున్నారు, పక్కన నిలబడిన మనిషి ఏం పాపం చేసిందని.

"బావ సంగతి వేరు టీచరూ. అతనికి నేనంటే పడదు, చేశాడు. దానికి నేనంటే ప్రాణం. అయినా పట్టుకుంది."



తర్వాత లావుపాటి కేబుళ్ళొచ్చాయి, మోడెంల కీచు వీధిలో వినపడటం ఆగిపోయింది. బావ కొట్టులో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. కండక్టరు రిటైరయ్యాక వాళ్ళిద్దరూ డిపో వెనక చిన్న ఇల్లు తీసుకుని వెళ్ళిపోయారు. అక్కడ ఆవిడ చెవిటిమిషన్లు బాగుచేస్తోంది. గోల లేకుండా మాట వినపడేలా చెయ్యడం కంటే మంచి పని లేదంటుంది. సామాను లారీ ఎక్కించిన రోజు అక్క గేటు దగ్గర నిలబడింది. వైర్లక్క ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది.

నేనింకా ఆ మేడలోనే ఉన్నాను. కిందావిడ నన్ను పట్టుకుని చెల్లెలి కొత్త ఫోను నంబరు అడుగుతూ ఉంటుంది. నా సొంతం కాని నంబరు ఎలా ఇవ్వను? పోయిన నెల వైర్లక్కతో మాట్లాడినప్పుడు, మీ అక్క మీ నంబరు అడుగుతోంది, ఇవ్వమంటారా అన్నాను.

ఎలా ఉంది అది అని అడిగింది. మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేకపోతోంది అన్నాను. మందులు వాడుతోందా అంది. వాడుతోందన్నాను. ఇప్పుడు చూస్తున్న డాక్టరు దగ్గరే చూపించుకోమనండి, మార్చొద్దనండి అంది. అక్కడినించి వాళ్ళ వీధిలో నీళ్ళ కష్టం గురించి చెప్పడం మొదలుపెట్టింది. నంబరు సంగతి మళ్ళీ రాలేదు, నేనూ కదపలేదు.

మర్నాడు కిందావిడకి డాక్టరు సంగతి చెప్పాను. ఎవరు చెప్పమన్నారో చెప్పలేదు. ఆవిడ కాసేపు నన్నే చూసి, ఈసారి మాట్లాడినప్పుడు ఇంకోసారి అడగండి టీచరుగారూ అంది. అడుగుతానన్నాను.